లైసెన్సు కొత్తది, కారు పాతది
(మహిళల కార్యక్రమంలో ప్రసంగం)

పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండి డ్రైవింగ్ లైసెన్సు చేతికి వచ్చిందంటే, ఆ వారంలోనే ఇంట్లో కారు ప్రస్తావన మొదలవుతుంది. అదీ మామూలు కారు కాదు, "పెర్ఫార్మెన్స్ కారు" కావాలంటాడు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్ హాండుదైనా ఫరవాలేదంటాడు. అదేమిటో మనకు తెలియదు కనుక, "మీ నాన్నగారిని అడుగు" అని మనం తప్పుకుంటాం. నాన్నగారు ధర చూస్తారు, పిల్లవాడు వేగం చూస్తాడు. అసలు చూడవలసినవి ఎవరూ చూడరు. అవేమిటో ఇవాళ చెప్పుకుందాం. ఈ సరదాలో అమ్మాయిలు కూడా వెనకబడి లేరు కనుక, నేను అబ్బాయి అన్నచోటల్లా అమ్మాయిని కూడా కలుపుకుని వినండి.

ముందు ఈ కారు సంగతి తెలుసుకుందాం. చూడడానికి మామూలు చిన్న కారులాగే వుంటుంది, ఇంజనులో బలం మాత్రం ఎక్కువ. ఫోక్స్‌వాగన్ కంపెనీ పోలో కారునే తీసుకోండి. మామూలు పెట్రోలు పోలోకి 75 గుర్రాల బలమైతే, 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన పోలో జి.టి. టి.ఎస్.ఐ.కి 105 గుర్రాల బలం. రెండు ఇంజన్లూ 1200 సి.సి.వే. మరి తేడా ఎలా వచ్చిందంటే, టర్బో వల్ల. కుంపటి మీద విసనకర్రతో విసిరితే నిప్పు భగ్గుమంటుంది చూడండి, అదే సూత్రం. ఇంజనులోంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి అదనంగా గాలి తోస్తుంది. 2015లో వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో, 2017లో వచ్చిన మారుతీ బలేనో ఆర్.ఎస్. కూడా ఇలాంటివే. ఇవేవీ ఇప్పుడు షోరూముల్లో కొత్తవి దొరకవు. దొరికేది సెకండ్ హాండులోనే.

ఈ టర్బోతో కొత్తవాళ్ళకు ఒక చిక్కుంది. కాలితో తొక్కగానే ఒక్క క్షణం కారు బద్ధకిస్తుంది. కదలడం లేదని పిల్లవాడు ఇంకా తొక్కుతాడు. అప్పుడు బలమంతా ఒక్కసారిగా వచ్చి కారు ముందుకు దూకుతుంది. అలవాటున్నవాడికి అది తెలుసు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నిన్న లైసెన్సు వచ్చినవాడికి అది తెలిసేలోపు ముందున్న ఆటో దగ్గరికి వచ్చేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. అంటే బ్రేకు మీదికి కాలు వెళ్ళడానికి ఒక్క సెకను పట్టినా, రెండు సిటీ బస్సులను వరసగా నిలబెట్టిన దానికంటే ఎక్కువ దూరం కారు వెళ్ళిపోయి వుంటుంది. అంతేకాదు, వేగం రెండింతలైతే గుద్దుకునే దెబ్బలో బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఈ లెక్క పిల్లవాడు ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదువుకున్నదే. ఒకసారి వాడిచేతే చెప్పించండి.

అందుచేత ఎంత వేగంగా పోతుందని అడగడానికి ముందు, ప్రమాదం జరిగితే ఈ కారు మనిషిని ఎంతవరకు కాపాడుతుందని అడగాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే కొన్ని కార్లను గోడకు గుద్దించి పరీక్షించినట్టుగా పరీక్ష చేసింది. గాలిసంచులు, అంటే ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి పెద్దవాళ్ళ రక్షణ విషయంలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. అదే పోలోకి రెండు గాలిసంచులు పెడితే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. కనుక "ఫలానా కంపెనీ కారు గట్టిది" అన్న మాట పట్టుకుని కొనకూడదు. మీరు చూస్తున్న కారులో ఏమున్నాయో చూడాలి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. డ్రైవరు ముందు గాలిసంచి అదే ఏడాది జూలై నుంచి, పక్క సీటుకు 2022 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు తయారైన కారైతే ఇవి వున్నాయో లేదో అడిగి తెలుసుకోండి. లేకపోతే ఎంత చవకైనా ఆ బేరం వద్దు. సీటు బెల్టు పెట్టుకోనివాడిని గాలిసంచి కూడా కాపాడలేదని పిల్లవాడికి చెప్పడం మరిచిపోవద్దు.

ఇక డబ్బు సంగతి. ఆరు లక్షలు చేతిలో వుంటే ఆరు లక్షల కారు చూడకండి. అయిదు లక్షల లోపుదే చూడండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, కారుకు వున్నదంతా పోసి టైర్ల దగ్గరా బ్రేకుల దగ్గరా పొదుపు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రకం కార్లకు విడిభాగాలు ఖరీదు. తయారీ ఆగిపోయినవాటికైతే కొన్ని భాగాల కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఆటోమేటిక్ గేరుపెట్టె వున్నదైతే, అది చెడితే అయ్యే ఖర్చు ఎంతో ముందే మెకానిక్కును అడిగి తెలుసుకోండి.

కారు చూడడానికి పొద్దున్నే వెళ్ళాలి. ఇంజను ముందుగా స్టార్టు చేసి వుంచవద్దని అమ్మేవాళ్ళకు చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా వుంటే ఏదో దాచడానికే వేడిచేశారేమోనని అనుమానించవచ్చు. స్టార్టు చేశాక వెనక పొగ గమనించాలి. నీలం పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నదన్నమాట. చలికాలం పొద్దున్న కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే గానీ, ఎంతసేపటికీ తెల్ల పొగ ఆగకపోతే ఇంజనులోకి నీళ్ళు దిగుతున్నాయేమో చూపించాలి. నూనె పోసే మూత తీసి అడుగున చూడండి. అక్కడ మజ్జిగ నురగలాంటిది అంటుకుని వుంటే అది మంచి లక్షణం కాదు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి వుంటాయి. 3519 అని వుంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. గాడులు లోతుగా కనిపించినా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది.

మన ఊళ్ళలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటివాటిని తుడిచి, రంగు పూసి అమ్మకానికి పెట్టేవాళ్ళుంటారు. పైన పటారం, లోన లొటారం. దీన్ని పట్టుకోవడంలో మనకు మించినవాళ్ళు లేరు. అద్దాలన్నీ మూసి లోపల కాసేపు కూర్చోండి. వానాకాలం ఆరని బట్టల వాసన మనకు తెలియనిదా! సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మట్టి చారలు అక్కడే మిగిలిపోతాయి. సీట్ల కింద ఇనుప పట్టాల తుప్పు చూడండి. సెంటు సీసాలు మరీ ఎక్కువగా వేలాడదీసిన కారును కాస్త ఎక్కువగానే అనుమానించండి.

వేగం పెంచడానికి కారులోని కంప్యూటరును మార్పించడం, చప్పుడు చేసే సైలెన్సరు బిగించడం కుర్రకారుకు సరదా. "ముందే అన్నీ చేయించి పెట్టాం" అని అమ్మేవాళ్ళు దాన్నొక గొప్పగా చెబుతారు. మనం దాన్ని లోపంగానే ఎంచాలి. కంపెనీ తయారుచేసిన తీరును ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. అలా మార్చిన కారుకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు. పైగా ఆ ఇంజను ఎంత బాదుడు తిన్నదో ఎవరికి తెలుసు?

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. ఆర్.సి.లో అప్పు ఇచ్చిన బ్యాంకు పేరుంటే, బాకీ తీరినట్టు బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35 అడగండి. చలాన్లు బాకీ వున్నాయేమో చూడండి. వేరే రాష్ట్రం కారైతే ఎన్.ఓ.సి. తెచ్చి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టవలసి వస్తుంది. "ఢిల్లీ కారు, చవక" అన్నప్పుడు ఆ ఖర్చు కూడా కలుపుకుని చూడండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలయ్యాక, పేరు మార్పు మనమే దగ్గరుండి చేయించుకోవాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లోగా తెలియజేయాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిం తగ్గింపు మనకు రాదు, ప్రీమియం ఆ మేరకు పెరుగుతుంది.

ఎవరి పేరున కొనాలన్నది చాలా ఇళ్ళలో తేలికగా తేల్చేస్తారు. "అమ్మ పేరున పెట్టేద్దాం" అంటారు. రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. బీమా గడువు దాటిపోయిన రోజున పిల్లవాడు ఎవరినైనా గుద్దితే, ఆ పరిహారం మన ఇంటి మీదికి వస్తుంది. అందుచేత బీమా తేదీని గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లుతోపాటు మీరే గుర్తుపెట్టుకోండి. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండని తమ్ముడుంటే తాళంచెవి వాడికి అందకూడదు. 2019లో చట్టాన్ని సవరించిన తర్వాత, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

చివరగా, కారు ఇంటికి వచ్చిన తర్వాతి సంగతి. కొత్త డ్రైవరు కారులో తోటి వయసు స్నేహితులు ఎక్కినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో చేసిన పరిశోధనల్లో తేలింది. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల్లో టీనేజీ డ్రైవర్లు మొదట్లో రాత్రిపూట నడపకూడదనీ, స్నేహితులను ఇంతమందికి మించి ఎక్కించుకోకూడదనీ నియమాలున్నాయి. మనకు అలాంటి చట్టం లేదు కనుక ఇంట్లోనే పెట్టుకోవాలి. మొదటి ఆరు నెలలు పక్కన పెద్దవాళ్ళు వుండాలి, చీకటి పడ్డాక హైవే ఎక్కకూడదు, స్నేహితుల గుంపుతో షికార్లు వద్దు. ఈ షరతులు బయానా ఇవ్వకముందే మాట్లాడుకోండి. కారు వచ్చాక చెబితే వినేవాళ్ళుండరు. వీలైతే ఆ ఆరు నెలలూ ఇంట్లో వున్న పాత మామూలు కారునే నడపనివ్వండి. ఈలోగా నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకుని, అతని కూలి అతనికిచ్చి, నాలుగు కార్లు చూడండి. "ఇవాళే తేల్చండి, సాయంత్రం ఇంకొకరు వస్తున్నారు" అని అమ్మేవాడు తొందరపెడితే, ఆ ఇంకొకరినే కొనుక్కోమనండి.