ఎదుటివాని కన్ను

రాత్రివేళ కారు నడుపువానికి రెండు విధులు కలవు: తాను దూరము చూడవలెను, ఎదుటివాని కన్ను చెదరగొట్టరాదు. ఈ రెండింటికి చిరకాలము పొత్తు కుదరలేదు. పెద్ద వెలుగు వేసినచో ఎదుటివానికి కన్నులు చీకట్లు క్రమ్మును. దించినచో దారిప్రక్క నడచువాడు మనకు కానరాడు.

2013లో ఆడీ సంస్థవారు తమ ఏ8 కారునందు ఒక ఉపాయము చేసిరి. పెద్ద వెలుగుకొరకు ఒక్కొక్క దీపమున 25 చిన్న ఎల్.ఇ.డి.లను పేర్చిరి. ముందు అద్దము వెనుకనున్న కెమెరా ఎదురుబండి దీపములను, ముందుపోవు బండి వెనుకదీపములను కనిపెట్టును. ఆ బండిపై పడు ఎల్.ఇ.డి.లు మాత్రమే ఆరును, లేదా తగ్గును; తక్కినవి వెలుగుచునే యుండును. వెలుగు నడుమ ఒక చీకటి కిటికీ ఏర్పడి, ఆ బండితోపాటు జరుగుచుండును.

అమెరికాలో 1967 నాటి నిబంధన దీనికి అడ్డు వచ్చినది. పెద్ద వెలుగు, చిన్న వెలుగు తప్ప మూడవది అది ఎరుగదు! 2022 ఫిబ్రవరిలో గాని అనుమతి లభింపలేదు.

విద్యుత్తు కార్ల సంగతి మరింత వింత. టెస్లా కార్లు కొన్నింటిలో ఇట్టి దీపములు ముందే అమర్చియుండియు మామూలు దీపములవలె పనిచేసినవి. 2024లో ఐరోపాలో సాఫ్ట్‌వేరు మార్పు గాలిలో వచ్చి, మరయైనను విప్పకయే, వానికి కొత్త విద్య నేర్పినది. ఇది సంతోషమే, కాని నిన్నటి బండి నేడు వేరొక తీరున ప్రవర్తించుట యజమాని ముందుగా తెలిసికొనవలసిన సంగతి. మలుపు చాటున, మిట్ట వెనుక నున్న బండిని కెమెరా ఆలస్యముగా చూచును. అప్పుడు వెలుగు దించవలసినది మన చేయియే.