చిప్పు నోటు... ఉప్పు పుకారు!

నోట్ల రద్దు నాటి ఆ రోజుల్లో జనం ఏం విన్నారు, ఎందుకు నమ్మారు?

2016 నవంబరు 8, రాత్రి 8 గంటలు. ప్రధాని టీవీలో ప్రకటన చేసేసరికి 500, 1000 రూపాయల నోట్లకు మిగిలిన ఆయుష్షు నాలుగు గంటలు. దేశంలో చలామణి అవుతున్న సొమ్ము విలువలో 86 శాతం ఆ రెండు నోట్లదే. మర్నాడు బ్యాంకులు తెరవలేదు. అడగడానికి ఎవరూ లేనప్పుడు అందరి చేతుల్లో ఉన్నది ఫోనే. సర్కారు విడమరచి చెప్పని ప్రతిచోటా ఓ పుకారు పుట్టింది.

భూమిలో పాతినా దొరుకుతుందట!

కొత్త 2000 నోటు చేతికి అందకముందే దాని కథ వాట్సాప్‌లో ఊళ్లు చుట్టేసింది. అందులో నానో చిప్పు ఉందని, 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పసిగడుతుందని ప్రచారం. కొన్ని హిందీ న్యూస్ చానళ్లు అది నిజమేనన్నట్టు బొమ్మలు గీసి మరీ వివరించాయి. నమ్మినవాళ్లను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. నల్లధనాన్ని అరికట్టడానికి వెయ్యి నోటును రద్దుచేసి, దానికి రెట్టింపు నోటు ఎందుకు తెస్తున్నారన్నది జనానికి వచ్చిన న్యాయమైన సందేహం. దానికి సూటి జవాబు ఇచ్చింది ఆ చిప్పు కథ ఒక్కటే.

మూడు రోజులు తిరగకుండానే ఉప్పు దొరకదన్న వదంతి లేచింది. ఉత్తరప్రదేశ్, ఢిల్లీ మీదుగా హైదరాబాద్ దాకా జనం కిరాణా కొట్లకు పరుగెత్తారు. మూడు వైపులా సముద్రమున్న దేశంలో ఉప్పుకు కరువేమిటని ఆ రాత్రి ఎవరూ ఆలోచించలేదు. చేతిలోని డబ్బే రాత్రికి రాత్రి చెల్లకుండా పోయాక, ఏది ఉంటుందో ఏది పోతుందో ఎవరు చెప్పగలరు?

క్యూలో కనిపించిన ఓర్పు

కొత్త నోటు కొలత వేరు కావడంతో ఏటీఎంలన్నిటినీ సరిచేయాల్సి వచ్చింది. ‘నో క్యాష్’ బోర్డులు వారాలపాటు వేలాడాయి. నోట్ల మార్పిడి పరిమితి 4,000 నుంచి 4,500కు పెరిగి, మళ్లీ 2,000కు పడింది. వేలికి సిరా గుర్తు వేశారు. వరి కోతల కాలంలో కూలి డబ్బులివ్వడానికి రైతు దగ్గర చిల్లర లేదు. ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా పోపుల డబ్బాలో దాచుకున్న సొమ్మును ఆడవాళ్లు బయటపెట్టక తప్పలేదు. అయినా జనం రోడ్డెక్కలేదు. నల్లకుబేరుల ఆట కట్టవుతుందన్న ఆశతో కష్టం ఓర్చుకున్నారు. ఆ ఓర్పు చాలా గొప్పది. దాన్ని పూర్తి ఆమోదంగా లెక్కగట్టడమే పొరపాటు.

మాట మార్చిన నేతలు

రాజ్యసభలో మన్మోహన్ సింగ్ నోట్ల రద్దును వ్యవస్థీకృత దోపిడీ అన్నారు. పెద్ద నోట్లు రద్దుచేయాలని ముందే ప్రధానికి లేఖ రాసిన చంద్రబాబు, ఎన్డీయే నుంచి బయటికొచ్చాక అదే నిర్ణయాన్ని తప్పుబట్టారు. రాష్ట్ర ఆదాయం పడిపోతోందని మొదట ఆందోళన చెందిన కేసీఆర్ తర్వాత మద్దతు పలికారు. రద్దయిన నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకు తేల్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు 4-1 తేడాతో నిర్ణయాన్ని సమర్థించింది. పార్లమెంటు చట్టం ద్వారా చేయాల్సిన పని ఇదని జస్టిస్ నాగరత్న విభేదించారు.

గడువిస్తే గగ్గోలు లేదు

2023 మే 19న 2000 నోటు ఉపసంహరణ ప్రకటన వచ్చింది. ఈసారి నాలుగు నెలలకు పైగా గడువిచ్చారు. నోటు చట్టబద్ధంగానే చెల్లుతుందని, ఒక్కోసారి 20,000 దాకా మార్చుకోవచ్చని మొదటిరోజే చెప్పారు. ఉప్పు కోసం ఎవరూ పరుగెత్తలేదు. రద్దుకూ ఉపసంహరణకూ తేడా ఉన్న మాట నిజమే, ఆ నోట్లు సామాన్యుల దగ్గర తక్కువగా ఉన్న మాటా నిజమే. కానీ గడువూ స్పష్టతా ఉంటే జనం ఎంత నిబ్బరంగా ఉంటారో అప్పుడు తెలిసింది. పుకార్లను అరికట్టాలనుకునే ప్రభుత్వం ఫోన్ల మీద నిఘా పెట్టేముందు ఆ గడువూ స్పష్టతా ఇవ్వాలి. ఎందుకు చేస్తున్నారో, ఎవరికెంత కష్టమో, ఎన్నాళ్లు పడుతుందో ముందే చెప్పాలి. కష్టం మోసేది జనమే గనుక, అది తెలుసుకునే హక్కు వాళ్లది.