పేరులోనే పుట్టుపూర్వోత్తరాలు

ఒక ప్రోగ్రాం కోసమని లైబ్రరీని కొత్త వెర్షన్‌కు మారిస్తే, అదే లైబ్రరీని నమ్ముకున్న మరో ప్రోగ్రాం మొరాయించడం కంప్యూటర్లకు పాత జబ్బే. రెండు ప్రోగ్రాంలూ వాడుకునే ఈ ఉమ్మడి కోడ్ (లైబ్రరీ) ఒకే చోట, ఒకే పేరుతో ఉండటమే దీనికి మూలం. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీనికి ‘డిపెండెన్సీ హెల్’ అని పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి సర్దుకుపోయారు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఈల్కో డోల్‌స్ట్రా 2003లో దీనికి మందు వెతకడం మొదలుపెట్టారు. ఆ పరిశోధనలోంచి పుట్టిందే ‘నిక్స్’ అనే ప్యాకేజీ మేనేజర్. 2006 నాటి ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం దానికి పునాది.

ఒక ప్యాకేజీ, అంటే వాడకానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాం, తయారవడానికి మూల కోడ్, కంపైలర్, లైబ్రరీలు, బిల్డ్ ఆదేశాలు కావాలి. నిక్స్ వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని ‘హాష్’ అనే 32 అక్షరాల ముద్రను తయారుచేసి, ప్యాకేజీ ఉండే ఫోల్డర్ పేరుకు ముందు తగిలిస్తుంది. మనిషి పేరులోనే తండ్రి, తాత, ముత్తాతల పేర్లన్నీ ఇమిడి ఉంటే ఎలా ఉంటుందో అలా. ముత్తాత పేరులో ఒక్క అక్షరం మారినా మునిమనవడి పేరు మారిపోతుంది. దీనివల్ల పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్క ఫోల్డర్లలోనే ఉన్నా ఒకదాని జోలికి మరొకటి పోదు. కొత్తది బెడిసికొడితే ఒక్క ఆదేశంతో పాతదానికి వెళ్లిపోవచ్చు.

ఈ పద్ధతిలో రాసిన ప్యాకేజీల భాండాగారం పేరు నిక్స్‌ప్యాకేజెస్. లక్షకు పైగా ప్యాకేజీలున్న ఈ సేకరణను నడిపేది స్వచ్ఛందంగా పనిచేసే వేలమంది. ఇందులో మార్పు ఎలా చేరుతుందో ‘హలో’ అనే బుల్లి ప్రోగ్రాంతో చూద్దాం. ఒక పలకరింపు వాక్యాన్ని తెరమీద చూపించడమే దాని పని. దాని వివరాలున్న ఫైల్ తెరిచి వెర్షన్ నంబరు మారుస్తారు. మూల కోడ్‌కు ఉండే హాష్‌ను చాలామంది కావాలనే ఖాళీగా వదిలేస్తారు. బిల్డ్ ఆగిపోయి, ‘నాకు దొరికిన హాష్ ఇదీ’ అని చూపిస్తుంది. దాన్ని తెచ్చి అతికిస్తారు. మళ్లీ బిల్డ్ చేసి, ప్రోగ్రాంను నడిపి చూసి, దానిమీద ఆధారపడినవి కూడా బిల్డ్ అవుతున్నాయో లేదో సరిచూసుకుంటారు. ‘హలో: 2.12 -> 2.12.1’ అని శీర్షిక పెట్టి, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపుతారు. మారింది రెండు పంక్తులే. ఇలాంటి వెర్షన్ మార్పులను ఒక బాట్ కూడా రోజూ పంపుతుంటుంది. అయినా చూసి సరేననాల్సింది మనిషే.

మార్పును ఎక్కడికి పంపాలన్నది మరో లెక్క. కొద్ది ప్యాకేజీలనే కదిలించేదైతే నేరుగా ‘మాస్టర్’ బ్రాంచ్‌కు పంపుతారు. కంపైలర్ లాంటి వేరును కదిలిస్తే దానిమీద నిలబడ్డ వేల ప్యాకేజీల ముద్రలన్నీ మారతాయి, అన్నిటినీ మళ్లీ బిల్డ్ చేయాలి. అలాంటి మార్పులను ‘స్టేజింగ్’ బ్రాంచ్‌లో పోగుచేసి, ‘హైడ్రా’ అనే బిల్డ్ యంత్రాంగంతో ఒక్కసారే బిల్డ్ చేయిస్తారు.

ఈ ఏర్పాటు బలమూ బలహీనతా 2024 మార్చి 29న ఒకేసారి బయటపడ్డాయి. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపెట్టారు. నిక్స్‌ప్యాకేజెస్ అస్థిర (అన్‌స్టేబుల్) బ్రాంచ్‌లోకి 5.6.1 అప్పటికే వచ్చేసింది. హాష్ అచ్చంగా సరిపోయింది కూడా! అందరికీ ఒకే ఫైల్ అందిందని హాష్ హామీ ఇస్తుంది, ఆ ఫైల్ మంచిదని కాదు. దొంగదారిని తట్టిలేపే బిల్డ్ స్క్రిప్టు అందరూ చదివే గిట్ కోడ్‌లో లేదు. విడుదల చేసిన ఫైళ్ల కట్టలోనే ఉంది. డెబియన్ తరహా, ఆర్‌పీఎం తరహా బిల్డ్‌లలో మాత్రమే అది మేల్కొనేలా రాశారు కాబట్టి నిక్స్ వాడకందార్లకు ముప్పు తప్పింది. పాత వెర్షన్‌కు తిప్పే మార్పు చిన్నదే. కానీ దాదాపు ప్రతి ప్యాకేజీ బిల్డ్‌కూ ఎక్స్‌జెడ్ కావాలి. అంతా మళ్లీ బిల్డ్ అయి వాడకందార్లకు చేరడానికి రోజులు పట్టింది.

ఏది దేని నుంచి పుట్టిందో నిక్స్ పొల్లుపోకుండా చెప్పగలదు. పుట్టినదాని గుణం తేల్చడం మాత్రం చదివేవాళ్ల పని. ఆ చదివేవాళ్లకే ఇక్కడ కరువు. పరిశీలన కోసం ఎదురుచూసే మార్పులు ఎప్పుడూ వేలల్లోనే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తమ కంప్యూటర్‌లో బిల్డ్ చేసి, కొత్త విడుదలలో ఏం మారిందో చదివి, కనిపించింది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్తగా వచ్చేవాళ్లు తమ సొంత ప్యాకేజీతోనే మొదలుపెట్టాలని లేదు. ఇంకొకరి రెండు పంక్తులను శ్రద్ధగా చదివిపెట్టినా ఈ భాండాగారానికి అంతకన్నా ఎక్కువ మేలే చేసినట్టు.