బిడ్డ చదువు - తల్లి జాబు

మూడేండ్లు నిండినను బిడ్డకు మాట రాకున్నచో మన పెద్దలు తల్లిని ఓదార్చు తీరు మనమందరము ఎరిగినదే. "వాని మేనమామకును నాలుగవ యేట గాని మాట రాలేదు, నీవేల బెంగపడెదవు?" అందురు. ఈ యోదార్పు ప్రేమవలన పుట్టినదే. కాని యిది మన కూతుండ్రతో కూడ సముద్రము దాటి ఇంగ్లండు చేరినది. అచ్చట దీనికి మరియొక మాట తోడగుచుండును: "ఇంటిలో తెలుగు మాటలాడుటచేతనే బిడ్డ వెనుకబడినాడు." ఈ రెండు మాటల నడుమ బిడ్డకు అందవలసిన సహాయము ఆలస్యమగుచున్నది. కావున ఆ దేశమున స్థానిక కౌన్సిళ్లు ఇట్టి బిడ్డలకు ఏమి చేయవలెనో, తల్లి దాని నెట్లు అడుగవలెనో తెలుపదలచితిమి.

పూర్వము ఇంగ్లండులోను స్థితి దయనీయముగనే యుండెను. బుద్ధిమాంద్యము మిక్కుటముగా గల బిడ్డలను చదువునకు పనికిరానివారని నిర్ణయించి బడికి దూరముగ నుంచెడివారు. 1970లో చేసిన చట్టము 1971 ఏప్రిల్ నుండి వారినికూడ విద్యాశాఖ బాధ్యతలోనికి తెచ్చినది. 1978లో మేరీ వార్నాక్ అధ్యక్షురాలుగా నున్న సంఘము, అయిదుగురు బిడ్డలలో ఒకరికి ఎప్పుడో యొకప్పుడు ప్రత్యేక సహాయము అవసరము కావచ్చునని నివేదించినది. ఆ త్రోవలోనే 2014 నాటి బాలల, కుటుంబముల చట్టము వచ్చినది. అవసరము తీవ్రముగ నున్న బిడ్డకు కౌన్సిలు విద్య, ఆరోగ్యము, సంరక్షణ అను మూడింటిని చేర్చి యొక ప్రణాళిక వ్రాసి యిచ్చును. అవసరమున్నచో అది 25వ యేటివరకు సాగవచ్చును.

మన తల్లులు ముఖ్యముగా గుర్తింపవలసిన దొకటి కలదు. ఇంటిభాష వేరైనంత మాత్రమున బిడ్డకు లోపమున్నదని యెంచరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున తెలుగు మానవలసిన పని లేదు. అయితే నిజమైన లోపమును ఇంటిభాష చాటున మరుగుపరచుటయు తగదు. ఇంగ్లీషు రాకుండుట వేరు; తెలుగునందును నాలుగు మాటలు కూర్చలేకుండుట వేరు. ఈ భేదమును చెప్పగలది తల్లియే. బడివారికి తెలుగు తెలియదు గదా!

మొదట బిడ్డ చెవులు పరీక్ష చేయింపవలెను. పిమ్మట బడిలో ప్రత్యేకావసరములను చూచు ఉపాధ్యాయులతో మాటలాడవలెను. వారిని అచ్చట సెంకో యందురు. చాలమంది బిడ్డలకు బడిలో చేయు సహాయమే చాలును. అది చాలకున్నచో, బిడ్డ అవసరములను పరీక్షింపుడని తల్లి తానే కౌన్సిలునకు జాబు వ్రాయవచ్చును. బడివారి అనుమతి అక్కరలేదు. బిడ్డ ఏమి చేయగలడో, ఏమి చేయలేడో, తెలుగున నెట్లున్నాడో, ఇంగ్లీషున నెట్లున్నాడో తేదీలతో వ్రాసి, నకలు దాచుకొనవలెను. కౌన్సిలు 6 వారములలో జవాబు చెప్పవలెను. ప్రణాళిక ఇచ్చుటకే నిర్ణయించినచో మొత్తము 20 వారములలో దానిని పూర్తిచేయవలెను. దాని ముసాయిదా చేతికి వచ్చిన తరువాత అభిప్రాయము తెలుపుటకును, కోరిన బడిని చెప్పుటకును తల్లిదండ్రులకు కనీసము 15 దినముల గడువుండును.

ఈ ముసాయిదాను బియ్యములో రాళ్లేరినట్లు చదువవలెను. "వీలునుబట్టి సహాయము చేయబడును" అను వాక్యము వలన బిడ్డకు ఒరుగునది లేదు. "వారమునకొకమారు 45 నిమిషములు మాట నేర్పు నిపుణురాలు వచ్చును" అని యుండవలెను. ఏలయన, ప్రణాళికలో వ్రాసిన విద్యాసహాయమును కౌన్సిలు తప్పక ఏర్పరుపవలెను. సొమ్ము చాలదనుట సాకు కానేరదు.

ఇదంతయు సులభముగ జరుగుచున్నదని మేము చెప్పము. 2025 జనవరి నాటికి ఇంగ్లండులో ఇట్టి ప్రణాళికలు 6,38,000కు పైగా నుండెను. 2024లో క్రొత్తగా ఇచ్చినవానిలో సగముకంటె తక్కువ మాత్రమే 20 వారముల గడువులో అందినవి. నిపుణులును చాలరు, నిధులును చాలవు. కాని కౌన్సిలు కాదన్నంతనే నిరాశ పడరాదు. నిర్ణయము వచ్చిన 2 నెలలలో ట్రిబ్యునలునకు మొరపెట్టుకొనవచ్చును; అందులకు రుసుము లేదు. ఎట్లు వ్రాయవలెనో తెలుపుటకు ప్రతి కౌన్సిలు పరిధిలోను ఉచిత సలహాకేంద్ర ముండును.

వీసాపై నున్న కుటుంబములకు ఒక హెచ్చరిక. ప్రభుత్వ బడిచదువు వీసా నియమములు నిషేధించు ప్రజాధనములో చేరదు. కాని వికలాంగ శిశువునకిచ్చు భత్యము అందులో చేరును. దాని కొరకు దరఖాస్తు చేయుటకు ముందు తెలిసినవారిని విచారింపవలెను.

తుదకు ఇచ్చటనుండి ఫోనులో ధైర్యము చెప్పు అమ్మమ్మలకును, నాయనమ్మలకును ఒక మనవి. "ఎవరి దిష్టియో తగిలినది, నలుగురికి చెప్పకు" అని కోడలిని, కూతురిని ఆపకుడు. ఆమె అడుగునది భిక్ష కాదు, బిడ్డ హక్కు. బిడ్డ యెదుగు వయస్సు మన మొగమాటము తీరువరకు ఆగదు. తరువాతిమారు ఫోనులో మాటలాడునప్పుడు, "బెంగపడకు" అనుటతోపాటు "జాబు వ్రాసితివా, అమ్మా?" అనియు అడుగుదుము గాక.