రాయలసీమ మిద్దెయిల్లు: ఒకే కప్పు క్రింద కాపురము, కొట్టము

ఇల్లు మనుష్యులకును, కొట్టము పశువులకును వేర్వేరు నివాసములని మనము తలంచుట వాడుక. కృష్ణా గోదావరీ తీరములందలి మండువా లోగిళ్లకు ఈ విభజన చాలవరకు చెల్లును. అచట పశువులసావిడి పెరటిలోనో దొడ్డిలోనో ప్రత్యేకముగా నుండును. రాయలసీమ మెట్టపల్లెలలోని పాతకాలపు రైతుమిద్దెలలో పెక్కింటికి ఇది చెల్లదు. అందు ఎద్దులును యజమానియు ఒకే కప్పు క్రింద, ఒకే ద్వారముతో వసించిరి. ఈ నిర్మాణ స్వరూపమును, కారణములను, దాని నాశ్రయించిన పదములను ఇందు పరిశీలింతము.

వీథివాకిటి కిరుప్రక్కల అరుగులుండును. గడప దాటగనే కానవచ్చునది పశువుల తావు. బండపరపు గల ఈ నేల లోపలి నేలకంటె పల్లముగా నుండును. మూత్రమును, కడిగిన నీరును లోనికి రాకుండుటకే ఈ యేర్పాటు. గోడ నానుకొని మేతవేయు గాడి యుండును. అచటినుండి గట్టెక్కినచో పడసాల, ఆవల వంటయిల్లు, ధాన్యము నిలువచేయు గది. ఇంటిని రెండుగా విభజించునది గోడ కాదు, నేల ఎత్తు. పశువుల కడ పరుండు జీతగానికి పలుచోట్ల ఆ గట్టే హద్దు. వాస్తువు సంఘస్థితిని గూడ తెలుపునని మరువరాదు.

అనంతపురము ప్రాంతమున సాలుకు పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. కనుక ఏటవాలు కప్పు అవసరము లేదు. కంబములపై దూలములు, వానిపై దంతెలు, ఆపై కట్టెలో బండలో పరచి మన్ను కప్పుదురు. పైపొర చౌటిమన్ను. తడిసినప్పుడు చౌటిమంటి రేణువులు విడివడి రంధ్రములను పూడ్చును. అందుచే నీరు దిగదు. పైరునకు పనికిరాని నేల ఇంటికి కప్పైనది! తొలకరికి ముందు క్రొత్త మన్ను పోయుట రైతుల యలవాటు. పొరలు పెరిగినకొలది బరువు పెరిగి దూలములు వంగుట ఈ పద్ధతిలోని లోపము.

వెలుతురునకును, పొగ పోవుటకును కప్పున విడిచిన రంధ్రము గవాక్షి, వాడుకలో గవాచి. సంస్కృతమున గవాక్షమనగా ఎద్దుకన్ను. గాడి యను మాట ఔపవిభక్తికమై గాటికంబము వంటి సమాసములందు నిలిచినది.

కాపురమును కొట్టమును కలుపుటకు హేతువేమి? మొదటిది భయము. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేయుటకు ముందును, తరువాత కొంతకాలమును పాళెగాండ్ర కలహములు సాగినవి. 1816లో పిండారీలు గుంటూరు, కడప సీమలను దోచిరి. ఎద్దులు పోయిన రైతునకు ఆ యేడు సేద్యము లేదు. కావున వానిని తలుపు లోపల కట్టుకొనెను. రెండవది పని సౌలభ్యము: రాత్రి మేత వేయుటకును, ఈనుచున్న ఆవును కనిపెట్టుటకును దగ్గర. అగ్నిభయముచే గడ్డివామిని మాత్రము వామిదొడ్డిలో దూరముగా నుంచిరి.

ఈ ఇంట ఈగలు, దోమలు, పొగ బాధించెననుట నిజము. దానిని విడిచినవారిని నిందింపరాదు. ట్రాక్టరు వచ్చిన పిదప ఎద్దులు తగ్గినవి. ఎద్దులు లేని ఇంటికి పల్లపు నేలతో పనిలేదు. దానిని పూడ్చి గదులు కట్టుకొనుచున్నారు, లేదా మిద్దెను పడగొట్టి సిమెంటు ఇండ్లు లేపుచున్నారు. గాడి పోయినచోట గాడి యను మాటయు పోవును. నిఘంటువు అర్థమును నిలుపగలదు గాని, ఆ వస్తువు ఇంటిలో ఏమూల, ఎంత ఎత్తున, దేని ప్రక్క నుండెనో తెలుపజాలదు. కావున నిలిచియున్న మిద్దెలను కొలిచి పటములు గీయుటయు, దూలమెత్తిన వడ్రంగులనుండి, నేల అలికిన గృహిణులనుండి ప్రతి భాగము పేరును వ్రాసికొనుటయు భాషాపరిశోధకుల తక్షణ కర్తవ్యమని మా మనవి.