బిందువు కింద సంతకం

ముందుగది గోడ బోసిగా ఉన్నదని మా ఇంట్లో చాలాకాలంగా ఫిర్యాదు. కిందటి ఆదివారం దానికొక పటం కొనడానికి దక్షిణ ఢిల్లీలోని ఒక దుకాణానికి వెళ్లాను. గాజు వెనుక పెద్ద నల్లని వృత్తం, చుట్టూ ఎరుపు, పసుపు రంగుల చదరాలు. రజా బిందు చిత్రమని చూడగానే తెలిసింది.

సయ్యద్ హైదర్ రజా 1922లో మధ్యప్రదేశ్‌లోని మండ్లా ప్రాంతంలో జన్మించారు. బడిలో మనసు నిలవని ఆ పిల్లవానికి ఉపాధ్యాయుడు గోడమీద ఒక చుక్క పెట్టి, దానినే చూస్తూ కూర్చోమన్నాడట. 1950లో ఫ్రాన్సుకు వెళ్లి ఆరు దశాబ్దాలు అక్కడే ఉన్నా, ఆ చుక్క ఆయనను విడవలేదు. 2010లో తిరిగివచ్చి ఢిల్లీలో స్థిరపడ్డారు. 2016లో ఇక్కడే కన్నుమూశారు. ఆ 2010లోనే ఆయన ‘సౌరాష్ట్ర’ చిత్రం లండన్ వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. నాబోటి వానికి అచ్చుప్రతే దిక్కు.

అందులో చిన్నతనమేమీ లేదు. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి లక్ష్మీ సరస్వతులను ఇంటింటికీ పంపారు. మా తాతగారింట హారతులందుకున్నవీ అచ్చు పటాలే.

అయితే దుకాణదారు దీనిని అచ్చుప్రతి అనలేదు. సెరిగ్రాఫ్ అన్నాడు, నలభై వేలు చెప్పాడు. సెరిగ్రాఫ్ అంటే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క జాలీ తెర అమర్చి కాగితంపై అద్దే బొమ్మ. ప్రతులు కొద్దిగానే తీస్తారు. సాధారణంగా చిత్రకారుడే ప్రతిదానికీ పెన్సిలుతో సంఖ్య వేసి సంతకం చేస్తాడు. దీని అడుగునా 45/100 అని ఉంది. సంతకమూ ఉంది.

పత్రికలో బొమ్మల అచ్చు చూసి చూసి అలవాటైన కళ్లు నావి. చేతిసంచిలోని భూతద్దం తీశాను. బిందువు వేల చుక్కలుగా విడిపోయింది. సరే, సంఖ్యా సంతకమూ కూడా చుక్కలుగానే విడిపోయాయి! పెన్సిలు గీత అలా విడిపోదు. మారుమాట లేకుండా భూతద్దం అతనికి అందించాను.

“ఇంత దగ్గరగా ఎవరు చూస్తారు, సాబ్?” అన్నాడు.

ధర రెండు వేలకు దిగింది. ఆ ధరకు అది మంచి వస్తువే. అచ్చు శుభ్రంగా ఉంది, రంగులు నిండుగా ఉన్నాయి. కొంటానన్నాను; కాని చట్రం విప్పి, లోపలి అట్ట అంచును కాస్త పైకి జరిపి, ఆ సంఖ్యా సంతకమూ కనబడకుండా మళ్లీ పటం కట్టమన్నాను. అది మాత్రం అతనికి బొత్తిగా మింగుడు పడలేదు. మేకులు బిగిస్తున్నంతసేపూ, సంతకం కనబడితేనే కదా సాబ్ చుట్టాల ముందు పరువు, అని నాకు నచ్చజెబుతూనే ఉన్నాడు.