ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము

ముట్లుడిగి అయిదారేండ్లు గడచిన స్త్రీకి ఒకనాడు మరల రక్తము కనుపించును. ఇరుగుపొరుగువారు వేడిచేసినదందురు. ఆమెయు సిగ్గుపడి ఎవరికిని చెప్పదు. ఇట్లు దాచుట ప్రమాదకరము.

స్త్రీ పొత్తికడుపులో గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయ ప్రమాణముగల అండాశయములు రెండు కలవు. అవి అండములను విడుచుటయేగాక ఈస్ట్రోజెన్ మొదలగు హార్మోనులను రక్తములోనికి పంపును. గర్భాశయపు లోపొర ఈస్ట్రోజెన్ వలన పెరుగును. వయస్సు మీరినకొలది ఈ హార్మోను తగ్గి ముట్లుడుగును. వరుసగా 12 నెలలు ముట్టు రానిచో ఉడిగినట్లు వైద్యులు ఎంచుదురు.

అండాశయమున పుట్టు కంతులలో అధికభాగము హార్మోనులను తయారుచేయవు. చేయువానిలో గ్రాన్యులోసా కణముల కంతి ముఖ్యమైనది. అది ఎడతెగక ఈస్ట్రోజెనును స్రవించుటచే ఉడిగిన గర్భాశయపు లోపొర మరల దళసరియై రక్తము కారును. కొందరిలో ఆ పొరయందు కాన్సరు కూడ పుట్టవచ్చును. ఇట్టి కంతి బాలికలకు కలిగినచో ఎనిమిదేండ్లు నిండకమునుపే రొమ్ములు పెరుగవచ్చును.

సెర్టోలి-లేడిగ్ కణముల కంతి మరియొకటి. ఇది చాల అరుదు. ఎక్కువగా యౌవనములోని స్త్రీలకు కలుగును. పురుష హార్మోనైన టెస్టోస్టిరోనును స్రవించుటచే ముట్లు నిలిచిపోవును, గడ్డము మీసములు మొలచును, కంఠస్వరము బొంగురుపోవును. అయితే మొగముపై వెండ్రుకలున్న ప్రతి స్త్రీయు భయపడనక్కరలేదు. చిన్ననాటినుండి మెల్లగా వచ్చునవి సాధారణముగా ఇతర కారణములవలన కలుగును. కొలది నెలలలోనే ఈ మార్పులన్నియు కనుపించినచో పరీక్ష అవశ్యము.

అల్ట్రాసౌండు పరీక్షవలన కంతిని, రక్తపరీక్షవలన హార్మోనుల పరిమాణమును తెలిసికొనవచ్చును. గర్భాశయపు లోపొరనుండి చిన్నముక్క తీసి పరీక్షింతురు. గ్రాన్యులోసా కంతి సాధారణముగా మెల్లగా పెరుగును. తొలిదశలో శస్త్రచికిత్సచే తొలగించినచో పెక్కుమంది స్వస్థులగుదురు. పది, ఇరువది ఏండ్లకైనను అది తిరిగి రావచ్చును గనుక పరీక్షలు మానరాదు. పురుష హార్మోను కంతిని తీసినచో ముట్లు సాధారణముగా మరల వచ్చును. మారిన స్వరము మాత్రము పూర్తిగా మరలకపోవచ్చును. ఆలస్యమునకు ఇది మూల్యము.

ముట్లుడిగిన పిమ్మట కలుగు రక్తస్రావమునకు పలువురిలో కారణము అల్పమైనదే. కాని పరీక్షింపక అది తెలియదు. కావున ఒక్కసారి, ఒక్క చుక్క కనుపించినను వైద్యునికి చూపవలెను. తల్లి నోరు విప్పి చెప్పుటకు సంకోచించినచో కుమార్తెయో, కోడలో ఆమెను వెంటబెట్టుకొని పోవలెను.